మే నెలలో పులికాట్‌కు పోయిన తెలివైనవాళ్లం మేమే

తిరుపతిలో ఇల్లున్నవాళ్ల కష్టం ఇంకో తిరుపతి వాడికే తెలుస్తుంది. ఏడాదిలో కనీసం పదిసార్లు ఎవరో ఒకరు ఫోన్ చేసి "మీరు అక్కడే ఉంటారు కదా, మూడు వందల టికెట్లు ఏమైనా చూస్తారా" అంటారు. అక్కడే ఉన్నంత మాత్రాన మాకు వేరే కౌంటర్ ఏమీ లేదని చెప్తే నమ్మరు. సరే, ఎలాగో వస్తారు, దర్శనం అవుతుంది, తిరుచానూరు, కపిలతీర్థం, శ్రీకాళహస్తి కూడా అయిపోతాయి, తిరుగు రైలుకి ఇంకో రోజు మిగిలి ఉంటుంది. అప్పుడు అడుగుతారు, "ఇంకేముంది ఇక్కడ చూడ్డానికి?" అని.

రెండేళ్ల కిందట మే నెలలో మా బావమరిది హైదరాబాద్ నుంచి పెళ్లాం పిల్లలతో వచ్చి సరిగ్గా ఇదే అడిగాడు. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. పాత చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు, మా చిన్నప్పుడు సముద్రం చూడాలంటే మద్రాసు పోవాల్సిందే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వచ్చి తిరుపతి జిల్లాలో కలిశాయి. ఒక్క సంతకంతో మాకు సముద్రం, ఉప్పునీటి సరస్సు, దీవులు, రాకెట్లు అన్నీ వచ్చాయి. మరి చుట్టాల ముందు గొప్ప చెప్పుకోకపోతే ఎలా? "పులికాట్ చూపిస్తా పద, దేశంలో చిల్కా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, ఫ్లెమింగోలు వేలల్లో ఉంటాయి" అన్నాను.

రెండు గంటలు కారు తోలి, సూళ్లూరుపేటలో ఎడమకు తిరిగి, శ్రీహరికోట రోడ్డెక్కాం. ఆ రోడ్డు సరస్సు మధ్యలో నుంచి పోతుంది. మేము పోయినప్పుడు మాత్రం ఎడారి మధ్యలో నుంచి పోయింది. రెండు పక్కలా పగుళ్లిచ్చిన నేల, దాని మీద ముగ్గుపిండి చల్లినట్టు ఉప్పు పొర, దూరంగా ఏవో నాలుగు బర్రెలు. ఏసీ ఆపి అద్దం దించితే పొయ్యి మూత తీసినట్టు గాలి. బావమరిది కాసేపు మర్యాదగా ఊరుకుని, ఇక ఆపుకోలేక "సరస్సు ఎక్కడుంది బావా?" అన్నాడు.

"ఇదే."

ఆ రోజు నుంచి వాళ్ల ఇంట్లో నా పేరు సరస్సు బావ.

ఇంత సొద ఎందుకు చెప్తున్నానంటే, పులికాట్ గురించి రాసేవాళ్లు ఎలా పోవాలి, ఎక్కడ తినాలి, ఎన్ని గంటలు పడుతుంది అని రాస్తారు కానీ ఇది నీళ్లను బట్టి పోవాల్సిన చోటు, మన సెలవులను బట్టి కాదు అని గట్టిగా చెప్పరు. దాని లోతు సగటున ఒక మీటరే. పొడుగు అరవై కిలోమీటర్లు ఉన్నా లోతు మాత్రం మనిషి నడుము దాకా, అంతే. నీళ్లు తగ్గినప్పుడు 250 చదరపు కిలోమీటర్లు, నిండుగా ఉన్నప్పుడు 450 అని లెక్క చెప్తారు, అంటే దాదాపు సగం సరస్సు వచ్చిపోతూ ఉంటుందన్నమాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన వైపు కురిపించే వానలకు దక్షిణాన ఆరణి, మధ్యలో కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి నీళ్లు తెచ్చి పోస్తే నిండుతుంది. ఎండాకాలంలో అదంతా ఆవిరై, మిగిలిన నీళ్లు సముద్రం కన్నా ఉప్పగా తయారవుతాయి. ఉత్తరం వైపు, అంటే మనం రోడ్డు మీద నుంచి చూసే వైపు, ముందు ఎండిపోతుంది. పక్షులకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు, అందుకే అక్టోబరులో వచ్చి మార్చి దాటాక సర్దుకుంటాయి. మేలో నేను వెళ్లి వాటి కోసం వెతికాను.

ఈ జనవరిలో మళ్లీ పోయాం. ఈసారి నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, మా అమ్మ. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే నెల అది, 2001లో మొదలుపెట్టారు దాన్ని. కానీ పండగ రోజుల్లో పోవద్దని ముందే అనుకున్నాం. స్టాళ్లు, మైకులు, డాన్సులు బాగానే ఉంటాయి, పిల్లలకు సరదా కూడా, కాకపోతే అంత జనంలో పక్షిని చూడ్డం కన్నా ముందున్నవాడి తల చూడ్డమే ఎక్కువ. అందుకని ఒక బుధవారం చూసి సెలవు పెట్టాను. స్కూలు ఎగ్గొట్టించానని మా ఆవిడ రేణిగుంట దాకా గొణిగింది.

తెల్లారి నాలుగున్నరకు బయల్దేరాం. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి వంతెన మీద అమ్మ అలవాటు ప్రకారం కారు స్లో చేయించి, చీకట్లోనే కొంగు ముడి విప్పి ఏట్లోకి రూపాయి వేసింది. వేసి, ఎప్పుడూ అడగని మాట అడిగింది. "ఈ ఏరు యాడికి పోతాదిరా?"

చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి తిరుచానూరు పక్కనుంచి, కాళహస్తి గుడి వెనక నుంచి పోయే స్వర్ణముఖిని డెబ్బై ఏళ్లుగా చూస్తూ ఉంది అమ్మ, అందులోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. చివరికి సముద్రంలో కలుస్తుందని, దాని నీళ్లు కొన్ని మనం ఇప్పుడు పోతున్న సరస్సులోకి చేరతాయని చెప్పాను. "అట్లయితే నా రూపాయి గూడా ఆడికొస్తాదిలే" అంది.

నాయుడుపేటలో హైవే మీద ఇడ్లీ తిని (చట్నీ గురించి చెప్పకపోవడమే మేలు), చెన్నై వైపు తిరిగి దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు పోయాం. 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించిన చోటు ఇది, విస్తీర్ణం 459 హెక్టార్లకు కాస్త తక్కువ. పేరు గొప్పగా లేదని, గేటు చిన్నదని తీసిపారేయకండి, నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ఇదే బాగుంది. టికెట్ తీసుకుని లోపలికి నడుస్తుంటే ముందు వాసన తగులుతుంది. రెట్ట, చేపల నీచు, నానిన ఆకు అన్నీ కలిసిన వాసన. మా ఆవిడ పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత శబ్దం. తర్వాత చెరువు కనబడింది.

చెరువులో నీళ్లలోనే కడప అనే రకం చెట్లు. మోకాళ్ల దాకా, కొన్నిచోట్ల నడుము దాకా నీళ్లలో నిలబడి ఉంటాయి. ప్రతి చెట్టు మీదా గూడబాతులు, పెలికాన్లు అంటారే, అవి. కొమ్మకు నాలుగైదు గూళ్లు, ఒక్కో పక్షి మేకపిల్లంత ఉంది. మా అమ్మాయి చూసి "నాన్నా, చెట్లెక్కి గొర్రెలు కూర్చున్నట్టుంది" అంది, నిజంగా అలాగే ఉంది, అంత బరువు పక్షి అంత పలచటి కొమ్మ మీద ఎలా ఆగిందో అని చూస్తూ ఉండిపోయాం. నీళ్లలో ఉన్న చెట్టే ఎందుకంటే పిల్లి, నక్క లాంటివి ఈదుకుంటూ వచ్చి ఎక్కడం కష్టం. అదే నీళ్లు తగ్గిన ఏడాదైతే ఆ కాపలా ఉండదు. ఇక్కడా మళ్లీ నీళ్ల లెక్కే చూడండి.

పెద్ద పక్షులు దాదాపు నోరు విప్పవు. గోలంతా పిల్లలదే. తల్లో తండ్రో మేతకు పోయి వచ్చి నోరు తెరిస్తే, పిల్ల తల మొత్తం ముక్కు కింద ఉండే సంచిలోకి దూర్చేసి తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లే పిల్లను మింగేస్తోందని మా అమ్మ "అయ్యయ్యో" అని కేకేసింది, పక్కన ఉన్న గార్డు నవ్వాడు. ఈ పక్షులు గూడు పెట్టేది ఇక్కడ, మేతకు పోయేది మాత్రం చాలావరకు పులికాట్‌కు. అంటే నేలపట్టు చెరువు నిండి పులికాట్ ఎండినా లాభం లేదు, అటుది ఇటైనా లాభం లేదు.

గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు కూడా అక్కడే కాపురం. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పాత పటకారు ఒంగిపోయినట్టు. నత్తను పట్టుకోవడానికి ఆ సందు పనికొస్తుందట, పిల్లలకు పుట్టుకతో ఉండదు, పెద్దయ్యాక ఏర్పడుతుంది. బైనాక్యులర్స్ లేకపోతే ఇవేవీ కనబడవు, నేను పక్కింటి వాళ్లబ్బాయి దగ్గర అడిగి తెచ్చుకున్నా. వాచ్‌టవర్ ఎక్కితే ఇంకా బాగా కనబడతాయి గానీ అమ్మ మోకాళ్లకు కుదరలేదు, కిందే ఒక ముసలాయనతో మాటల్లో పడింది.

ఆయన ఆ ఊరాయనే. పక్షులు రావడం ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. నమ్మకం వెనక లెక్క కూడా ఉంది: చెట్ల మీద నుంచి రెట్ట అంతా చెరువులో పడుతుంది, ఆ నీళ్లే కింద పొలాలకు పారతాయి. "ఈ నీళ్లు పారితే మళ్లీ ఎరువుతో పనేముంది తల్లీ" అన్నాడట. అందుకే ఆ ఊళ్లో పిట్టను కొట్టేవాడు లేడు. మా అమ్మకు ఫ్లెమింగోల కన్నా ఈ మాటే ఎక్కువ నచ్చింది, ఇంటికొచ్చాక ముగ్గురికి ఫోన్ చేసి చెప్పింది.

అక్కడే తొమ్మిది దాటింది. సూళ్లూరుపేటలో చెంగాళమ్మకు దండం పెట్టుకోకుండా అమ్మ కదలదు. కాళంగి ఒడ్డున గుడి, దానికి తలుపులు మూయడం అనేది లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో వాళ్లు కూడా వచ్చి దండం పెట్టుకుంటారని అందరికీ తెలిసిందే కదా. "అంతంత చదువుకున్నోళ్లే వస్తాండారు, నువ్వు బండి దిగడానికి ఏడుస్తావు" అని నాకు అక్షింతలు.

ఇక శ్రీహరికోట రోడ్డు. సూళ్లూరుపేట దాటి కాస్త దూరం పోగానే నీళ్లు మొదలయ్యాయి. రెండు పక్కలా నీళ్లు, గాలికి చిన్న అలలు, మేలో బర్రెలు మేసిన చోట వలలు. నేను కారు పక్కకు ఆపి ఫోటో తీసి బావమరిదికి పంపాను, కింద ఒక్క మాట కూడా రాయలేదు.

ఫ్లెమింగోలు దగ్గర్లో ఉంటాయని ఆశపడి పోకండి. ఎప్పుడైనా అదృష్టం కొద్దీ రోడ్డు పక్కనే మేస్తుంటాయి కానీ ఆ రోజు మాకు ఐదారొందల మీటర్ల అవతల పొడుగ్గా గీత గీసినట్టు కనబడ్డాయి. అమ్మ బైనాక్యులర్స్‌లో చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఇవేందిరా తెల్లంగా ఉండాయి? టీవీలో ఎర్రంగా చూపిస్తారే?" టీవీ తప్పేం కాదు. మన దగ్గరకు ఎక్కువగా వచ్చేది పెద్ద రకం ఫ్లెమింగో, నిలబడి ఉంటే తెల్లగానే కనబడుతుంది, ఎరుపంతా రెక్కల మడతలో దాచుకుంటుంది. చిన్న పిల్లలైతే మరీ బూడిద రంగు. ఆ ఎరుపు కూడా పుట్టుకతో వచ్చింది కాదు, నీళ్లలో నాచు, సన్నటి రొయ్యల్లాంటి పురుగులు తింటే ఒంట్లో చేరే రంగు. ముక్కు తలకిందులుగా బురదలో పెట్టి, కాళ్లతో తొక్కి కలిపి, నీళ్లు లోపలికి లాగి జల్లెడ పట్టినట్టు వడగట్టుకుంటాయి. లోతు నీళ్లలో ఈ పని జరగదు, ఎండిన నేల మీద అసలే జరగదు, సరిగ్గా మోకాలి లోతు బురద కావాలి. పులికాట్ దానికోసమే చేసినట్టుంటుంది, ఏడాదికి ఆరు నెలలు.

మా అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడు వందల పన్నెండు దాకా వచ్చింది. అంతలో ఎందుకు బెదిరాయో, ఒక చివర నుంచి లేచాయి. రెక్కలు విప్పేసరికి ఆ తెల్ల గీత మొత్తం ఎర్రగా అయింది, అంచులకు నలుపు. బాతుల్లాగా అరుచుకుంటూ రోడ్డు దాటి అవతలి నీళ్లలో దిగాయి. ఐదారు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. తర్వాత అమ్మాయి "మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలా?" అని ఏడుపు మొహం పెట్టింది.

ఒక తప్పు చేశాం, మీరు చేయకండి. మేం అక్కడికి చేరేసరికి పదిన్నర, ఎండకు నీళ్ల మీద గాలి వణికి దూరం పక్షులన్నీ మసకగా ఆడుతూ కనబడ్డాయి. ముందు రోజు రాత్రే సూళ్లూరుపేటలో దిగి, తెల్లారేసరికి ఈ రోడ్డు మీద ఉండి, నేలపట్టు తర్వాత పెట్టుకోవాలి. పొద్దున్నే శ్రీహరికోట వైపు పోతుంటే ఎండ ఎదురు కొడుతుంది, ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు తీసుకోండి.

ఈ రోడ్డు గురించి ఒక మాట. దీని మీద నిలబడి చూస్తూ దీన్ని తిట్టడం బాగుండదు కానీ, కట్ట పోసి వేసిన రోడ్డు సరస్సును రెండు ముక్కలు చేసిందని, కల్వర్టులున్నా నీళ్లు మునుపటిలా కలవడం లేదని అంటారు. అటకానితిప్ప దాటాక షార్, అంటే ఇస్రో వాళ్ల రాకెట్ కేంద్రం గేటు, పాస్ లేకపోతే అక్కడితో సరి. శ్రీహరికోట అంటే రాకెట్లు అనే తెలుసు గానీ, అదొక దీవి అని మా అమ్మాయికి మ్యాప్ చూపిస్తే గానీ నమ్మలేదు. సముద్రానికి, సరస్సుకి మధ్య పొడుగ్గా పడుకున్న ఇసుక దీవి. యానాదులు బతికిన అడవి అది, 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. రాత్రి ప్రయోగాలప్పుడు మేఘం లేకపోతే తిరుపతిలో మా మేడ మీదకు కూడా నిప్పురవ్వలా కనబడుతుంది. దగ్గర్నుంచి చూడాలంటే ప్రయోగానికి ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే గ్యాలరీకి పాస్ ఇస్తారు.

భోజనం సూళ్లూరుపేటలో, పీతల వేపుడు, రొయ్యల ఇగురు. మా ఆవిడ పొద్దుటి గొణుగుడు అక్కడితో మానేసింది.

మధ్యాహ్నం తడ పక్కన భీమునివారిపాలెం పోయాం, అక్కడ పడవెక్కితే ఇరకం దీవి. వేనాడు అని ఇంకో దీవి ఉంది, దర్గా ఉన్న ఊరు, దానికి రోడ్డు వేశారు కాబట్టి కార్లో పోవచ్చు. ఇరకానికి మాత్రం పడవ తప్ప దారి లేదు. మాతో పాటు పడవలో బియ్యం మూటలు, ఒక గ్యాస్ సిలిండర్, మందుల సంచితో ఒక పెద్దామె ఎక్కారు. మనకు విహారయాత్ర, వాళ్లకు సిటీ బస్సు. "రాత్రి పూట నొప్పులొస్తే ఎట్లమ్మా?" అని అమ్మ అడిగితే "ఇట్లనే, పడవలోనే" అంది ఆమె, టార్చిలైటు పట్టుకున్నట్టు చెయ్యి చూపించి.

దీవిలో మేం చూసిందేమీ పెద్దగా లేదు, నిజం చెప్పాలంటే. ఇసుక, తాటిచెట్లు, ఆరేసిన వలలు, మమ్మల్ని వింతగా చూసిన మేకలు. చూడాల్సిందంతా పడవ నడిపే అబ్బాయి మాటల్లో ఉంది. సరస్సుకి సముద్రంతో కలిసే నోళ్లున్నాయి, మొగ అంటారు. ఆ మొగలో నుంచే సముద్రపు రొయ్య పిల్ల, చేప పిల్ల లోపలికి వచ్చి పెరుగుతాయి. రాయదొరువు దగ్గర మొగ ఇసుకతో పూడిపోయింది, తవ్వించమని జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. మొగ మూసుకుంటే ఇటు చేపా తగ్గుతుంది, నీళ్లూ తొందరగా ఎండుతాయి. పైగా ఎక్కడిదాకా ఆంధ్ర, ఎక్కడినుంచి తమిళనాడు అని వలల దగ్గర గొడవలు. నీళ్ల మీద గీత గీసి ఉండదు కదా. "ఫ్లెమింగోలు ఎన్నొచ్చినాయో అందరూ అడుగుతారు సార్, రొయ్య ఎంత పడిందో ఎవరూ అడగరు" అన్నాడు. సరే నువ్వే చెప్పు ఎంత పడింది అంటే నవ్వి ఊరుకున్నాడు.

వచ్చేటప్పుడు సగం దూరంలో పడవ ఆగిపోయింది. ఇంజిన్ కాదు, అడుగు బురదకు తగిలింది. నా టెన్షన్ చూడాలి, చుట్టూ కనుచూపు మేర నీళ్లు, నాకు ఈత రాదు, అమ్మేమో గోవిందా గోవిందా అని మొదలుపెట్టింది. పడవ అబ్బాయి లుంగీ పైకి కట్టి తాపీగా నీళ్లలోకి దిగాడు. నీళ్లు వాడి తొడల దాకా కూడా లేవు. మీటరు లోతు అని ఇందాక మీకు చెప్పిన మనిషినే నేను, పడవలో కూర్చున్నప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. వాడు నెడుతుంటే నేను కూడా దిగుదామని కాలు పెట్టి, మోకాలి దాకా బురదలో కూరుకుపోయి, ఒక చెప్పు అక్కడే సమర్పించుకుని పైకొచ్చాను. స్వర్ణముఖిలో వేసిన రూపాయికి తోడుగా ఉంటుందని మా ఆవిడ అంది.

ఒంటి చెప్పుతోనే కారు తోలుకుంటూ రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాం. ఫోన్ చూస్తే బావమరిది దగ్గర్నుంచి మూడు మిస్డ్ కాల్స్. చేస్తే, "బావా, నీళ్లున్నాయే! ఈసారి మే సెలవుల్లో వచ్చినప్పుడు మళ్లీ పోదాం, పిల్లలు కూడా అడుగుతున్నారు" అన్నాడు.

జనవరిలో లీవు దొరికితే రా, దొరక్కపోతే కపిలతీర్థం చూపిస్తా అని చెప్పి పెట్టేశాను.